సంకల్పంలో పలికే నేల

నిత్యపూజకు కూర్చున్నప్పుడు ముందుగా దేశకాలాలను స్మరిస్తాం. శ్రీశైలానికి నైరుతి దిక్కున ఉన్నామని రోజూ పలికే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాసులలో ఆ నేల కథ తెలిసినవారెందరు?

1565లో రాక్షసి తంగడి యుద్ధం ముగిశాక, తిరుమల దేవరాయలు విజయనగర పీఠాన్ని నిలుపుకున్నది పెనుకొండలోనే. శాసనాలలో దీని పేరు ఘనగిరి. రామాలయం, శివాలయం అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. ఆ ఊళ్లోనే పార్శ్వనాథుని బసది, బాబయ్య దర్గా ఉన్నాయి. ధర్మవరానికి క్రియాశక్తి ఒడెయరు తల్లి ధర్మాంబ పేరు, హిందూపురానికి మురారిరావు తండ్రి హిందూరావు పేరు వచ్చాయని పెద్దలు చెబుతారు.

హిందూపురానికి చేరువలోని లేపాక్షిలో వీరభద్రాలయాన్ని అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించారు. 2022లో అది యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. యాత్రికులు వేలాడే స్తంభం కింద వస్త్రం దూర్చి, ఆశ్చర్యపడి, వెనుదిరుగుతారు. తప్పని అనను, నేనూ దూర్చినవాడినే. కాని తలెత్తి పైకప్పు చూసేవారు తక్కువ. ఆ చిత్రాలలోని దేవతల చీరల అంచులే ధర్మవరం మగ్గాలపై పట్టు అంచులయ్యాయని నేతగాళ్ల మాట. ఇంట్లో పెళ్లి చీర ఉన్నవారు ఒకసారి పోల్చి చూడాలి.

లేపాక్షిని పురావస్తు శాఖ కాపాడుతోంది. చిన్న గుళ్లను ఎవరు కాపాడాలి? అర్చకత్వం చేపట్టిన కొత్తలో, ఉత్సవాలకు ముందు నేనే దగ్గరుండి మా గుడి మండపానికి సున్నం వేయించాను. ఒక స్తంభం మీది అక్షరాలు అందులో పూడిపోయాయి. శుభ్రమైందని సంతోషించాను కూడా. ఏటేటా పూతపై పూత పడింది. చాలా ఏళ్లకు లిపి తెలిసిన పండితుడొకరు వచ్చి ఆ పొరలు తీయిస్తే, రాతి పెచ్చులూ వెంట ఊడాయి. మిగిలినవి నందాదీపమన్న మాట, దాత పేరులో సగం. ఆయన ఏ ఊరివాడో, ఏ మడి ఇచ్చాడో ఇక తెలియదు. రోజూ ఆ దీపం వెలిగించేది నా చేయి. దాత పేరు చెరిపిందీ అదే.

ఇప్పుడు జీర్ణోద్ధరణ పేరిట ఎనామిల్ రంగులు, ఇసుక ధారలు వచ్చాయి. ధర్మకర్తలకు నా మనవి ఒక్కటే. పని మొదలుపెట్టే ముందు ప్రతి స్తంభాన్నీ, గడపనూ పరిశీలించండి. అక్షరం కనబడితే ఫొటో తీయించి పురావస్తు శాఖకు తెలపండి. మైసూరులోని కేంద్ర శాసన విభాగంవారు కాగితంపై అచ్చు తీసి చదువుతారు.

మా స్తంభానికి ఇప్పుడు తడిగుడ్డ తప్ప మరేదీ తగలనివ్వడం లేదు.