ముప్పై రోజులు వృథా కారాదు

ఊరి పక్కన సిమెంటు ఫ్యాక్టరీయో, పెద్ద గనియో పెట్టదలిస్తే ముందు ప్రజల మాట వినాలన్నది నిబంధన. కేంద్రం 2006 సెప్టెంబరు 14న జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం, బహిరంగ విచారణకు కనీసం 30 రోజుల ముందు స్థానిక భాషా దినపత్రికలో ప్రకటన వేయాలి. పత్రికలు అందని చోట దండోరా వేయించాలి.

కాని జరుగుతున్నదేమిటి? ప్రకటన పడిన కాగితం పకోడీల పొట్లమవుతున్నది. విచారణ నాడు షామియానా చూసి వచ్చినవారు ఉద్యోగాలెన్ని ఇస్తారని అడిగి వెళ్లిపోతున్నారు. చెరువు, బోర్లు, దుమ్ము, పేలుళ్ల సంగతి మరుగున పడిపోతున్నది.

ముసాయిదా నివేదిక కలెక్టరు కార్యాలయంలోను, జిల్లా పరిశ్రమల కార్యాలయంలోను చూడవచ్చు. దాని సారాంశం తెలుగులోనూ ఉండాలి. పంచాయతీ పెద్దలు దానిని తెప్పించి రచ్చబండ దగ్గర చదివించాలి. ఊరి వాగు, పశువుల బీడు అందులో ఉన్నాయో లేవో రైతుకు తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది?

విచారణలో వోట్లు లెక్కపెట్టరు. కేకలకు విలువ లేదు. లేవనెత్తిన పర్యావరణ అభ్యంతరాలకు మాత్రం తుది నివేదికలో కంపెనీ సమాధానం చెప్పుకోవాలి. కనుక అభ్యంతరాన్ని రాసి ఇవ్వడం మేలు. సభ చివర అధికారులు నమోదైన అంశాలను తెలుగులో చదివి వినిపించాలి. తాము చెప్పినది అందులో చేరిందో లేదో తేల్చుకున్న తరువాతే జనం ఇళ్లకు కదలాలి.

అనుమతి వచ్చాక ధర్నా చేయడం కన్నా, ప్రకటన వచ్చిన నాడే మేల్కొనడం ఊరికి క్షేమం.