రోజుకు రెండు రూపాయల అరవై పైసలు

మా అక్క ఉపాధి హామీ పనికి వెళ్తుంది. ఆమె కొడుకు ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు రెండేళ్లు చదివి, పాసై, ఒక పెద్ద వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరాడు. మొన్న పండక్కి వచ్చినప్పుడు వాడి స్టైపెండ్ కాగితం చూశాను. 8,050 రూపాయలు. నెలకు 26 పనిదినాలు వేసి భాగించాను. రోజుకు 309 రూపాయల 60 పైసలు. మన రెండు తెలుగు రాష్ట్రాలకూ 2025-26కి ఉపాధి కూలి ఎంత? 307.

రెండేళ్ల చదువుకు కట్టిన వెల రోజుకు రెండు రూపాయల అరవై పైసలన్నమాట. మట్టి పని తక్కువదని నేననడం లేదు. ఎర్రటి ఎండలో తట్ట మోసే మనిషికి 307 ఇవ్వడమే అన్యాయం, అదీ కొలతల్లో కోత పడకపోతేనే. కానీ ఆ తట్ట ఎత్తడానికి మా అక్క అప్పు చేయలేదు. కొడుకు చేతికి పానా ఇవ్వడానికి చేసింది.

దగ్గర్లోని సర్కారు ఐటీఐలో సీటు రాలేదు. ప్రైవేటులో చేర్చింది. ఫీజు, హాస్టలు, పరీక్ష ఫీజు, యూనిఫారం, బూట్లు. చెవి దిద్దులు బ్యాంకులో పెట్టింది, డ్వాక్రా లోను తీసింది, అదీ చాలక నూటికి రెండు రూపాయల వడ్డీకి అరవై వేలు తెచ్చింది. చివరి వాయిదా ఆలస్యమైందని కాలేజీవాళ్లు వాడి టీసీ, టెన్త్ మార్కుల మెమో ఆపేసుకున్నారు. పిల్లవాడి చదువు కాగితాలు తాకట్టు సరుకా? అడిగితే క్లర్కు తల ఎత్తనైనా లేదు. "బాకీ కట్టి తీసుకెళ్లండి" అన్నాడు. ఆ బాకీకి మళ్లీ ఇంకో అప్పు.

వాడు పనిదొంగ కాదు. ఇంజను చప్పుడు విని టప్పెట్లు సరిగ్గా లేవని చెప్పగలడు. గేర్‌బాక్స్ విప్పి, వరస తప్పకుండా బిగించగలడు. అయినా నెలాఖరుకు గది అద్దె, మెస్సు, బస్సు పోను వాడి దగ్గర మిగిలేది ఆ అరవై వేల మీద వడ్డీకి సరిపోయే పన్నెండు వందలే. అది ఇంటికి పంపుతాడు. అసలు పైసా తగ్గలేదు. "కంపెనీలో పని కదా మావయ్యా, పర్మినెంట్ అవుతుందేమో" అన్నాడు. ఏం చెప్పను? 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం 18వ సెక్షన్ వాణ్ని ట్రైనీ అంటుంది, కార్మికుడు కాదంటుంది. బండి కింద దూరి ఒళ్లంతా ఆయిల్ చేసుకునేవాడు కార్మికుడు కాదట! అందుకే కనీస వేతనం లేదు, పీఎఫ్ లేదు. గడువు అయ్యాక ఉంచుకోవాలా, పంపేయాలా అన్నది యజమాని ఇష్టం.

పంపేస్తే ఊళ్లో షెడ్డు ఉంది కదా అంటారు. షెడ్డు మేస్త్రీ మొదటి ప్రశ్న, "స్కానర్ పట్టడం వచ్చా?" 2020 ఏప్రిల్ నుంచి అమ్మే ప్రతి కొత్త పెట్రోలు, డీజిలు బండీ బీఎస్-6 కాలుష్య ప్రమాణానిదే. లోపం ఎక్కడుందో సెన్సర్లు చెప్తాయి, స్కానర్ చదువుతుంది. మావాడి కాలేజీ వర్క్‌షాపులో వాళ్లకు విప్పి చూపింది పాత కార్బ్యురేటర్ ఇంజను. స్కానర్‌ను పుస్తకంలో బొమ్మగా చూశాడు. ఆ చదువుకే మా అక్క దిద్దులు పోయాయి.

పైనుంచి ఏం వస్తోందో చూడండి. నైపుణ్య రుణం 2015లో మొదలుపెట్టినప్పుడు గరిష్ఠం లక్షన్నర. 2024లో దాన్ని ఏడున్నర లక్షలకు పెంచారు. ఐదింతలు! కనీస స్టైపెండ్ మాత్రం 2019లో ఐదు వేలకూ తొమ్మిది వేలకూ మధ్య ఖరారు చేసి అక్కడే వదిలేశారు. దాన్ని 6,800 నుంచి 12,300 దాకా చేయాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది 2025 మేలో. సిఫారసుకే దాదాపు ఆరేళ్లు పట్టింది! ఆ ఆరేళ్లలో బియ్యం ధర ఆగిందా, గది అద్దె ఆగిందా? అప్పు ఇవ్వడానికి ఉన్న తొందర జీతం ఇవ్వడానికి ఎందుకు లేదు?

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో భోజనం, హాస్టలు ఖర్చులకని వసతి దీవెన పెట్టినప్పుడు డిగ్రీ పిల్లలకు ఏడాదికి ఇరవై వేలు, పాలిటెక్నిక్‌కు పదిహేను, ఐటీఐకి పది అన్నారు. ఐటీఐ పిల్లవాడికి సగం ఆకలే వేస్తుందని ఎవరు తేల్చారు? తెలంగాణలో 65 ఐటీఐలను 2,324 కోట్లతో అధునాతన కేంద్రాలుగా మార్చే పని 2024లో చేపట్టారు. మంచిదే, కొత్త యంత్రాలు రావాల్సిందే. కానీ ఆ యంత్రం మీద నేర్చుకుని బయటికి వచ్చిన పిల్లవాడు ఏడాది తర్వాత ఎంత తెస్తున్నాడు, ఎంత బాకీ ఉన్నాడు? నేను మెట్లెక్కిన ఏ ఆఫీసులోనూ ఈ ప్రశ్నకు జవాబు లేదు. ప్రశ్న కొత్తగా ఉన్నట్టు చూశారు.

ఇది లెక్క కట్టలేని సంగతేం కాదు. అమెరికాలో కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే వెబ్‌సైటును ప్రభుత్వమే నడుపుతోంది. కమ్యూనిటీ కాలేజీలో వాహనాల రిపేరు సర్టిఫికెట్ చేసినవాళ్ల సంపాదన ఎంత, చదువు అప్పు ఎంత అన్నది కాలేజీ వారీగా, కోర్సు వారీగా అందులో పెడుతున్నారు. అక్కడి మెకానిక్ కష్టాలు దాంతో తీరిపోలేదు. కానీ పిల్లవాడు చేరకముందే అక్కడి తల్లి ఒక అంకె చూసుకోగలదు. మా అక్కకు ఎవరు చూపించారు? రంగుల కరపత్రంలో "నూరు శాతం ప్లేస్‌మెంట్" అని చూపించారు.

అయ్యా, ప్రతి ఐటీఐ గేటు దగ్గర ఒక బోర్డు పెట్టించండి. నిరుడు పాసైనవాళ్లెందరు, పనిలో ఉన్నవాళ్లెందరు, చేతికొస్తున్నదెంత, తీర్చాల్సిందెంత. పేర్లు వద్దు, అంకెలు చాలు. జూన్‌లో అడ్మిషన్లకు ముందే పెట్టించండి. మా పేటలో ఇంకో ముగ్గురు తల్లులు దిద్దులు చేత్తో పట్టుకుని ఉన్నారు.