ఒక పేపర్లో సర్పంచ్, ఇంకో పేపర్లో ఆవిడ భర్త

బీఏ రాజనీతి శాస్త్రం పరీక్షలో 73వ రాజ్యాంగ సవరణ గురించి అడిగితే మన పిల్లలు గుక్క తిప్పుకోకుండా రాసేస్తారు. 1993 ఏప్రిల్ 24 నుంచి అమలు, 243-డి అధికరణం, మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు, మన రెండు రాష్ట్రాల్లో అయితే సగం. మార్కులు పడతాయి. ఆ తర్వాత సోషియాలజీ పేపర్లో పితృస్వామ్యం లక్షణాలు రాయమంటారు. అదీ రాసేస్తారు. ఈ రెండు జవాబులూ తమ ఊరి పంచాయతీ ఆఫీసులో ఒకే కుర్చీ దగ్గర కలుస్తాయని మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పరు.

ఆ కుర్చీ సంగతి తెలియనిదెవరికి? మహిళకు రిజర్వయిన ఊళ్లో సంక్రాంతికో దసరాకో కట్టిన ఫ్లెక్సీ చూడండి. సర్పంచ్ అన్న హోదా ఆవిడ పేరు పక్కనే ఉంటుంది, ఫొటో మాత్రం భర్తదే పెద్దది. గ్రామసభలో మైకు ఆయనది, తీర్మానాల పుస్తకంలో సంతకం ఆవిడది. 'సర్పంచ్ గారూ' అని పిలిస్తే పలికేది ఆయనే. అలాగని అంతటా ఇదే కథ అనుకుంటే పొరపాటు. ఏం రాశారో చదవందే సంతకం పెట్టనని మొండికేసిన ఆడవాళ్లూ ఉన్నారు. ఏ ఊళ్లో అలా నిలబడగలిగారు, ఏ ఊళ్లో లేదు? కులబలమా, పొదుపు సంఘంలో లెక్కలు రాసిన అనుభవమా, పుట్టింటి అండా? డిగ్రీ పిల్లల ప్రాజెక్టుకు ఇంతకన్నా మంచి ప్రశ్న నాకైతే తోచడం లేదు. దీనికి జవాబు వెతకాలంటే చట్టమూ తెలియాలి, ఇల్లూ తెలియాలి.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ హెచ్చరించింది ఈ ముడి గురించే. రాజకీయాల్లో సమానత్వం వస్తుంది, సాంఘిక, ఆర్థిక జీవితంలో అసమానత అలాగే ఉంటుంది, ఈ వైరుధ్యాన్ని త్వరగా తొలగించుకోకపోతే ప్రజాస్వామ్యానికే ముప్పు అన్నారాయన. మనం ఏం చేశాం? మొదటి సగాన్ని ఒక డిపార్ట్‌మెంటుకు, రెండో సగాన్ని పక్క డిపార్ట్‌మెంటుకు పంచేశాం.

మన దగ్గర పనిచేసిన పెద్దలకు ఈ గోడ లేదు. ఉస్మానియాలో ఉండగా శామీర్‌పేటను పరిశీలించి 1955లో 'ఇండియన్ విలేజ్' వెలువరించిన సమాజ శాస్త్రవేత్త ఎస్.సి. దూబే నాగపూర్‌లో రాజనీతి శాస్త్రం చదివినవాడే. పాలన, పంచాయతీరాజ్ మీద పనిచేసిన జి. రాంరెడ్డి, జి. హరగోపాల్ కలిసి 1985లో 'ఏషియన్ సర్వే' పత్రికలో ఏకంగా పైరవీకారు మీదే వ్యాసం రాశారు. ఊరివాళ్లకూ ఆఫీసుకూ మధ్య తిరుగుతూ పని చేయించిపెట్టే మనిషి, రాజ్యాంగంలో ఎక్కడా లేని పదవి! అధికరణాలు కంఠతా పట్టినంత మాత్రాన అతను కనిపించడు. పల్లె బతుకు తెలిసి సర్కారు ఫైలు నడక తెలియకపోయినా అర్థం కాడు.

ఇక మన చదువుల వరస చూడండి. ఇంటర్‌లో సీఈసీ, హెచ్‌ఈసీ పిల్లలకు సివిక్స్ ఉంటుంది. సోషియాలజీ చాలామందికి డిగ్రీలో తగిలితే తగిలినట్టు. బీఏ అంటే మనకు అలవాటైన గ్రూపు హెచ్‌ఈపీ, అంటే చరిత్ర, ఆర్థిక శాస్త్రం, రాజనీతి; అందులో సోషియాలజీ ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి మూడు ప్రధాన సబ్జెక్టుల పాత పద్ధతి పోయి ఒకే మేజర్ వచ్చింది. లోతు పెరుగుతుందన్నారు. పెరగొచ్చు కూడా. తమాషా ఏమిటంటే, తెలంగాణ గ్రూప్-2 ఉద్యోగ పరీక్ష రెండో పేపర్లో చరిత్ర, రాజ్యాంగం, సమాజం మూడూ కలిసే ఉంటాయి. కాలేజీ మూడేళ్లు విడదీసి చెప్పినదాన్ని హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఫీజు కట్టి మళ్లీ కలుపుకోవాలి. అక్కడ కలిపేది కూడా బిట్ల కోసమే.

రెండూ కలిపితే రెండూ పలచబడతాయని అధ్యాపకులు అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. రాజనీతిలోని హాబ్స్‌నూ సోషియాలజీలోని దుర్ఖైమ్‌నూ ఒకే సెమిస్టర్లో కుక్కితే ఇద్దరూ మిగలరు. నేను అడిగేది సిలబస్‌లు కుదించి కుట్టమని కాదు, ఇద్దరు లెక్చరర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోమని. మాక్స్ వెబర్‌ను సోషియాలజీలోనూ చెప్తారు, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లోనూ చెప్తారు. ఇద్దరు వెబర్‌లు ఉన్నారనుకునే విద్యార్థి ఉంటే తప్పు వాడిది కాదు.

తెలంగాణలో డిగ్రీ సీటు కోసం దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే పిల్లలారా, పొలిటికల్ సైన్సూ సోషియాలజీ కలిసి దొరికే కాలేజీ దగ్గర్లో ఉందేమో చూసుకోండి. ఆంధ్రలో ఒకటి మేజర్‌గా తీసుకుంటే రెండోది మైనర్‌గా ఇమ్మని అడగండి. లేదంటే పదిమంది కలిసి ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టండి. లెక్చరర్లకు ఒక్క మనవి: ఆఖరి ఏడాదిలో ఇద్దరూ కలిసి పిల్లల్ని ఒక్క పంచాయతీకి పంపండి, ఒకే రిపోర్టు రాయించండి, దానికి రెండు సబ్జెక్టుల్లోనూ మార్కులు వేయండి.