నాలుగు తీగలు చాలు!

ఆఫర్ లెటర్ మెయిల్‌లో ఉంది. జాయినింగ్ డేట్ మాత్రం లేదు. క్యాంపస్‌లో సెలెక్ట్ అయ్యాక నేను ఇలా పదకొండు నెలలు ఎదురుచూశాను. మీలో చాలామంది ఇప్పుడు ఇదే పరిస్థితిలో ఉండొచ్చు. పొద్దున కోడింగ్ ప్రాక్టీస్, మధ్యాహ్నం అప్లికేషన్లు, సాయంత్రం బయటికొస్తే ‘ఏమైంది బాబూ ఉద్యోగం?’ అని ఎదురింటి అంకుల్ పలకరింపు. సరిగ్గా ఆ రోజుల్లోనే నేను బేస్ గిటార్ కొన్నాను. ‘బేసిక్ గిటారా? అసలుది ఉద్యోగం వచ్చాక కొనుక్కుంటావా నాన్నా?’ అంది అమ్మ.

అమ్మ తప్పేం లేదు. మన దగ్గర చాలామందికి బేస్ అంటే తీగలు తక్కువున్న గిటారే. నాకూ మొదట అంతే తెలుసు. ఫైనలియర్‌లో ఉండగా మా కాలేజీ బ్యాండ్‌లో బేస్ వాయించే సీనియర్ పాసై వెళ్లిపోయాడు. ఆ తర్వాత అవే పాటలు, అదే డ్రమ్మర్, అదే సింగర్.. కానీ పాట కింద నేల తీసేసినట్టు ఉండేది. అప్పటిదాకా ఆయన ఏం వాయించేవాడో మేమెవ్వరం పట్టించుకోలేదు. లేకపోయాక తెలిసింది.

ఉద్యోగం వెతుకుతున్న టైమ్‌లో మనకు సమయం ఎక్కువ, డబ్బు తక్కువ. ఏదైనా నేర్చుకోవడానికి మంచి కాలమే. తప్పుడు చోట ఖర్చుపెడితే మాత్రం గట్టిగా తగులుతుంది. నాకు తగిలింది. అందుకే బేస్ నేర్చుకోవాలనుకునే వాళ్లకు నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: పేరున్న బేస్ కంటే, సరిగ్గా సెటప్ చేసిన మామూలు బేస్ మేలు.

పద్దెనిమిది వేల పాఠం

ఒక షాపుకి వెబ్‌సైట్ చేసిపెడితే వచ్చిన డబ్బుతో సెకండ్‌హ్యాండ్‌లో ఐదు తీగల యాక్టివ్ బేస్ కొన్నాను. ధర పద్దెనిమిది వేలు. మెరిసే నల్ల రంగు, బోలెడు నాబ్‌లు. ఫొటోలు చూసి పడిపోయా. ఇంటికి తెచ్చాక సగం ఫ్రెట్‌ల దగ్గర తీగ ‘జర్‌ర్’ మంటూ మోగింది. హైదరాబాద్‌లో గిటార్లు రిపేర్ చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్తే, ఒక కన్ను మూసి మెడ పొడవునా చూసి, రెండు నిమిషాల్లో తేల్చేశాడు. ‘తమ్మీ, దీని మెడ మెలి తిరిగింది. రాడ్ తిప్పితే వంపు పోతది గానీ, మెలి పోదు. దీని మీద ఇంకా పైసలు పెట్టకు.’

విషయం దాచకుండా చెప్పి, ఏడు వేలకు అమ్మేశాను. పదకొండు వేలు పోయాయి. అమీర్‌పేట హాస్టల్‌లో అది నాకు రెండు నెలల ఖర్చు. ఆ తర్వాత తొమ్మిదిన్నర వేలకు నాలుగు తీగల పాత బేస్ కొన్నాను. ఈసారి రిపేర్ ఆయన్ని వెంట తీసుకెళ్లాను. ఇప్పటికీ వాయిస్తున్నది అదే.

ముందు చెవి, తర్వాత జేబు

కొనేముందు ఒక వారం వినండి. ఫోన్ స్పీకర్‌లో కాదు. బేస్‌లో అన్నిటికన్నా మందమైన ఈ తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది, అంటే 41 హెర్ట్జ్. అంత లోతైన ధ్వనిని ఫోన్‌లోని చిన్న స్పీకర్ పలికించలేదు. దాని పైనుండే హార్మోనిక్స్‌ని బట్టి మిగతాది మన మెదడే ఊహించుకుంటుంది. ‘ఈ పాటలో బేస్ ఎక్కడుంది?’ అని చాలామంది అడగడానికి కారణం ఇదే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

1989లో వచ్చిన ‘గీతాంజలి’ పాటలతో మొదలుపెట్టండి. గొంతుని కాసేపు వదిలేసి కింద ఏం నడుస్తోందో వినండి. ఇళయరాజా పాటల్లో బేస్ ఊరికే కార్డ్‌ని మోస్తూ కూర్చోదు. పాట కింద ఇంకో పాటలా నడుస్తుంది. రెహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ వాయించినవి వెతకండి. బయటివాళ్లలో జేమ్స్ జేమర్‌సన్‌ని వినకుండా ఉండొద్దు. అమెరికాలో మోటౌన్ సంస్థ 1960ల్లో ఇచ్చిన హిట్లలో చాలావాటికి బేస్ ఆయనదే. కుడిచేత్తో ఎక్కువగా చూపుడువేలు ఒక్కదానితోనే వాయించేవాడు. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదని ప్రతీతి. ఖరీదైన సరంజామా లేకపోతే మంచి సౌండ్ రాదనిపించినప్పుడు ఆయన్ని గుర్తుచేసుకోండి.

ఏది కొనాలి?

తీగలు నాలుగు చాలు. ఐదో తీగ దాదాపు 31 హెర్ట్జ్ దాకా దిగుతుంది. చిన్న యాంప్‌లో అది బురదలా వినిపిస్తుంది. పైగా మెడ వెడల్పవుతుంది, చప్పుడు రాకుండా ఆపాల్సిన తీగ ఇంకొకటి పెరుగుతుంది.

మొదటి బేస్ పాసివ్‌దే తీసుకోండి. యాక్టివ్ వాటిలో బ్యాటరీ ఉంటుంది. కేబుల్ గుచ్చి వదిలేస్తే, మీరు వాయించకపోయినా అది అయిపోతూనే ఉంటుంది. బ్యాండ్ స్టేజ్ ఎక్కాకే ఈ సంగతి తెలుస్తుంది!

సాధారణ బేస్‌లో తీగ కంపించే పొడవు 34 అంగుళాలు. చేతులు చిన్నవైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ చూడండి. అది పిల్లల వస్తువేం కాదు. బీటిల్స్‌లో పాల్ మెకార్ట్‌నీ చేతిలో కనిపించే వయొలిన్ ఆకారపు హాఫ్నర్ కూడా షార్ట్ స్కేలే.

షాపులో ‘పీ బేస్ కావాలా, జే బేస్ కావాలా’ అని అడుగుతారు. పీ అంటే లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్. ఫ్రెట్‌లు ఉండటంతో స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు. జే అంటే 1960లో వచ్చిన జాజ్ బేస్. ఇప్పుడు దొరికే చాలా బేస్‌లు ఈ రెండింటి పిల్లలే. జాజ్ మెడ పైభాగంలో సుమారు 38 మిల్లీమీటర్లు, సన్నగా ఉంటుంది. మొదటిసారి పట్టుకునేవాళ్లకు నా ఓటు దానికే. మీ చేతికి ఇంకోటి నప్పితే నా ఓటు పక్కన పెట్టేయండి. కూర్చుని పది నిమిషాలు, బెల్ట్ వేసుకుని నిలబడి పది నిమిషాలు వాయించి చూడండి. చెయ్యి వదిలేస్తే మెడ కిందికి వాలిపోయే బేస్ వద్దు. దాన్ని మోయడంతోనే భుజం, ఎడమ చెయ్యి అలిసిపోతాయి.

మీ దగ్గర ఇరవై వేలు ఉన్నాయనుకోండి. మొత్తం బేస్‌ మీదే పెట్టొద్దు. పద్నాలుగు వేలు బేస్‌కి, రెండు మూడు వేలు సెటప్‌కి, కొత్త తీగలకి. మిగిలింది చిన్న హెడ్‌ఫోన్ యాంప్‌కో, ఆడియో ఇంటర్‌ఫేస్‌కో. హాస్టల్ రూమ్‌లో పెద్ద యాంప్ పెడితే వార్డెన్ ఊరుకోడు. ఇంట్లోని హోమ్ థియేటర్‌కి తగిలిస్తే స్పీకర్ పోయినా పోతుంది.

సెకండ్‌హ్యాండ్ అయితే..

చూడకుండా అడ్వాన్స్ పంపొద్దు. ఉద్యోగం ఇస్తామని డిపాజిట్ అడిగేవాళ్ల దగ్గర ఎంత జాగ్రత్తగా ఉంటారో, ఇక్కడా అంతే.

బేస్ చేతికి రాగానే తల వైపు నుంచి మెడ పొడవునా చూడండి. రెండు అంచులూ ఒకేలా సాగాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి పోతుంటే మెలి ఉన్నట్టే, తిరిగొచ్చేయండి. తర్వాత ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ దగ్గర నొక్కి వాయించండి. బోర్ కొట్టినా సరే, ఐదు నిమిషాల పనే. నాబ్‌లు తిప్పితే గరగర వస్తే కాస్త క్లీనింగ్‌తో పోవచ్చు, దాన్ని చూపి బేరమాడండి. ట్రస్ రాడ్ నట్ అరిగిపోయి ఉంటే మాత్రం ఎంత తగ్గించినా తీసుకోవద్దు.

తక్కువ వాయించండి, టైమ్‌లో వాయించండి

మొదటి నెల స్లాప్ జోలికి పోకండి. రీల్స్‌లో చూడటానికి బాగుంటుంది గానీ, బ్యాండ్‌కి మీ నుంచి కావాల్సింది అది కాదు. చూపుడువేలు, మధ్యవేలు ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి మీటండి. మెట్రోనోమ్ అరవై దగ్గర పెట్టి, రోజుకి ఇరవై నిమిషాలు. ఒక పాట తీసుకుని వారమంతా దాని రూట్ నోట్స్ మాత్రమే వాయించండి. నోట్ ఎక్కడ మొదలవ్వాలో అందరూ చూసుకుంటారు. ఎక్కడ ఆగాలో చూసుకునేవాళ్లు తక్కువ. వాయించని తీగల మీద చెయ్యి ఆనించి ఉంచడం, నోట్‌ని టైమ్‌కి ఆపడం.. ఈ రెండూ వస్తే సగం బేస్ వచ్చినట్టే.

ఎడమచేతికి ఒక్కో ఫ్రెట్‌కి ఒక్కో వేలు పెట్టాలని పట్టుబట్టొద్దు. మొదటి ఫ్రెట్‌ల దగ్గర దూరం ఎక్కువ. డబుల్ బేస్ వాళ్లలాగా అక్కడ చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు వాడండి. ఉంగరం వేలు చిటికెనవేలికి తోడుంటుంది. మణికట్టు నొప్పి పెడితే ఆపేయండి. రేపు అదే చేత్తో రోజంతా టైప్ చేయాలి.

ల్యాప్‌టాప్‌లో రికార్డ్ చేసుకుని వింటే మీ టైమింగ్ ఎలా ఉందో దాచుకోలేరు. ఇంటర్‌ఫేస్ సెట్టింగ్స్‌లో బఫర్ 128 శాంపిల్స్ పెట్టుకోండి. 48,000 శాంపిల్ రేట్ దగ్గర అది మూడు మిల్లీసెకన్లకన్నా తక్కువ ఆలస్యం. అదే 1024 పెడితే ఆ ఒక్క బఫర్‌తోనే ఇరవై ఒక్క మిల్లీసెకన్లు. మీటిన కాసేపటికి సౌండ్ వచ్చినట్టుంటుంది. తప్పు మీ వేళ్లదనుకుని బాధపడతారు.

మెడ కూడా వాతావరణం చూస్తుంది

నాలుగు తీగలూ కలిసి మెడని సుమారు ఎనభై కిలోల బలంతో లాగుతుంటాయి. మెడ లోపలుండే ఇనుప కడ్డీ, అదే ట్రస్ రాడ్, ఆ లాగుడుకి ఎదురు నిలబడుతుంది. చెక్క కాబట్టి ఎండాకాలం ఒకలా, వానాకాలం ఒకలా ఉంటుంది. మేలో హాయిగా పలికిన బేస్ ఆగస్టులో ‘జర్‌ర్’ మంటే కంగారుపడకండి. పాడవలేదు, మెడ కాస్త కదిలింది.

ఇలా చూడండి. తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, మెడ బాడీని కలిసే చోట ఇంకో చేత్తో నొక్కండి. ఏడు, ఎనిమిది ఫ్రెట్‌ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య విజిటింగ్ కార్డు మందమంత, అంటే 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. ఎక్కువుంటే రాడ్‌ని కుడివైపు బిగించాలి. అసలు లేకపోతే ఎడమవైపు వదలాలి. ఒకసారికి పావు చుట్టే, అదీ సరిపోయే అలెన్ కీతోనే. తర్వాత ట్యూన్ చేసి మళ్లీ చూడండి. గట్టిగా ఉంటే బలవంతం చేయకండి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. మొదటిసారి వాళ్లు చేస్తుంటే పక్కనే నిలబడి చూడండి. ఆ ఫీజు ట్యూషన్ ఫీజు కూడా.

పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగని తాకీ తాకనట్టు మీటితే వచ్చే హార్మోనిక్‌నీ, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కినప్పుడు ఎక్కువ చూపిస్తే బ్రిడ్జ్‌పై శాడిల్‌ని వెనక్కి జరపాలి, తక్కువైతే ముందుకి.

బేస్ తీగల సెట్ మామూలు గిటార్ తీగలకన్నా చాలా ఖరీదు. వాయించడం అవ్వగానే పొడి గుడ్డతో తుడవండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉంటే ఇది ఇంకా ముఖ్యం, ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. కొత్త బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ ప్యాకెట్లు పారేయకుండా బేస్ బ్యాగ్‌లో వేయండి. గోడకి ఆనించి వదిలేయకండి, స్టాండ్ కొనండి. ఎండలో ఆపిన కారులో అస్సలు ఉంచొద్దు, వేడికి జిగురు వదులుతుంది.

రెజ్యూమెలో రాయాలా?

వాయిస్తుంటే రాయండి. కొన్నంత మాత్రాన రాయకండి. ‘హాబీ బేస్ గిటార్’ అని ఉంటే, ఇంటర్వ్యూలో ‘బేస్ ఏం చేస్తుంది?’ అనే ప్రశ్న రావొచ్చు. ‘టీమ్‌వర్క్, లీడర్‌షిప్ నేర్పింది సార్’ అని బట్టీ జవాబు చెప్పొద్దు. మెడ సరిచేసుకున్న సంగతో, బఫర్ గోలో చెప్పండి. మీరు నిజంగా చేసిన పనిని మీ మాటల్లో చెబితే వినేవాళ్లకి అర్థమవుతుంది.

దీన్నే వృత్తి చేసుకోవచ్చా అని అడిగేవాళ్లకి నా సమాధానం నచ్చకపోవచ్చు. రికార్డింగ్‌లలో చాలాచోట్ల బేస్‌ని కీబోర్డ్ మీదే ప్రోగ్రామ్ చేస్తున్నారు. అవకాశాలు తక్కువ. ముంబై నుంచి మోహినీ డే లాంటివాళ్లు ప్రపంచమంతా తిరిగి వాయిస్తున్నారు, నిజమే. వాళ్ల వెనక చిన్నప్పటి నుంచీ చేసిన సాధన ఉంది. అందుకే అప్లికేషన్లు పెట్టడం మానకండి. అప్పు చేసి బేస్ కొనకండి. ఇంట్లో అడిగి కొనాల్సి వస్తే కొన్నాళ్లు ఆగండి, స్నేహితుడిది అరువు తెచ్చుకుని మొదలుపెట్టండి.

బేస్ వల్ల నాకు ఉద్యోగం రాలేదు. జాయినింగ్ మెయిల్ దాని టైమ్‌కి అది వచ్చింది. కాకపోతే ఆ పదకొండు నెలల్లో ఎవరి జవాబు కోసమూ ఎదురుచూడకుండా, నా చేతుల్లోనే రోజూ కాస్త బాగుపడిన పని అదొక్కటే. మొన్న పండక్కి ఇంటికి ఫోన్ చేసి వస్తున్నానని చెబితే అమ్మ అడిగింది: ‘నీ బేసిక్‌ది తెస్తున్నావా?’