ముల్కీ అంటే భాష కాదు, బతుకు!

స్థానికులకు కొలువులు ఇవ్వమంటే చాలు, సంకుచితులని ముద్ర వేసేటోళ్లు 1952లో ఉన్నరు, ఇప్పటికీ ఉన్నరు. వాళ్లకు ఒక్క పేరు జవాబు: జస్టిస్ గోపాలరావు ఎక్బోటే.

మాతృభాష మరాఠీ. వృత్తి హైదరాబాద్‌లో వకాలత్. 1952 ఎన్నికల్లో నగర ఓటర్లే కాంగ్రెస్ పక్షాన శాసనసభకు పంపిండ్రు. బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో విద్యామంత్రి అయిండు. తర్వాత హైకోర్టు జడ్జి, 1972లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. నల్లకోటు, మంత్రి పదవి, న్యాయపీఠం మూడూ ఈ గడ్డ మీదనే దక్కినయి.

ఆయన గెలిచిన ఏడాదే 'నాన్ ముల్కీ గోబ్యాక్' అంటూ విద్యార్థులు రోడ్డెక్కిండ్రు. సిటీ కాలేజీ దగ్గర పోలీసు తూటాలకు ప్రాణాలిచ్చిండ్రు. వాళ్లు కొట్లాడింది ఏ భాష మీద? నిజాం కాలం నాటి ముల్కీ నిబంధనలో భాష మాటే లేదు. ఇక్కడ పుట్టినోడు ముల్కీ. పదిహేనేండ్లు ఇక్కడే ఉండి, ఇగ వెనక్కి పోనని ప్రమాణపత్రం ఇచ్చినోడూ ముల్కీనే. ఇదేనా సంకుచితత్వం?

1972 ఫిబ్రవరిలో హైకోర్టు ఈ నిబంధనలు చెల్లవన్నది. అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెల్లుతాయన్నది. కోర్టులో గెలిచినం. ఏం లాభం? కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో ఆరు సూత్రాలు తెచ్చిండ్రు, ఆ ఏడాది ముగిసేలోపే పార్లమెంటు చట్టం చేసి ముల్కీని రద్దు చేసింది. దేశంలోనే పెద్ద కోర్టు ఇచ్చిన హక్కును ఢిల్లీ ఒక్క చట్టంతో గుంజుకున్నది. సంకుచితులెవరు? హక్కు అడిగినోళ్లా, గుంజుకున్నోళ్లా?

రాష్ట్రం 2014లో వచ్చింది. ప్రశ్న మాత్రం మిగిలే ఉన్నది. ఉప్పల్ బస్తీల్లో డిగ్రీ చదివిన పిల్లలు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో గేటు గేటుకూ తిరిగితే, స్థానికునికి ముందు చోటు దక్కాలని అడగడం తప్పు కాదు. హక్కు.

కానీ మనోళ్లకూ ఒక మాట. అదే నాచారంలో ఏండ్ల తరబడి మిషన్ల మీద చెమటోడుస్తున్న ఒడియా కార్మికుని, బిహారీ కార్మికుని యాస విని పరాయోడంటే, మనం ముల్కీని మరిచినట్టే. ఎక్బోటేను మనోడన్న కొలత ఆ కార్మికునికీ వర్తించాలె. ఆయన బిడ్డ ఇక్కడ పుట్టింది, ఇక్కడి బడిలోనే చదువుతున్నది.

ఇక్కడే బతికి, ఇక్కడే ఉంటానన్నోడు మనోడు. దోచుకపోయేందుకు వచ్చినోడు ఎంత కమ్మటి తెలుగు మాట్లాడినా పరాయోడే!