ఉప్పు దీక్షకు లెక్క ఏది?

"ఈ కార్తీకం నుంచి ఉప్పు తగ్గించేస్తానండీ!" మా పార్కులో నడకకొచ్చే వాళ్లలో ఏటా ఇద్దరైనా ఇలా దీక్ష పూనుతారు. ఎంత తగ్గిస్తారని అడిగితే జవాబుండదు. పైగా "మీకన్నీ లెక్కలే సార్" అని నవ్వుతారు. రక్షణ శాఖ పద్దులు చూసి రిటైరైనవాణ్ణి, అంకె లేని లక్ష్యం నాకు మొక్కుబడిలాగే కనిపిస్తుంది.

అంకె లేకేం? ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది ఒకటే. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాములు మించొద్దు. ఇద్దరున్న ఇంట్లో కిలో ప్యాకెట్ 100 రోజులు రావాలి. తెరిచిన రోజు ప్యాకెట్ మీద తేదీ వేయండి. మా ఇంట్లో మొదటిది 52 రోజులకే ఖాళీ! అదీ ఆవకాయ, అప్పడాలు, మిక్చరు కలపకుండానే. ఆవకాయ ఉప్పు వేసవి పద్దు కదా అని మా ఆవిడ వాదన. ఆడిట్‌లో దాన్నేమంటారో చెబితే ఆ పూట భోజనం ఉండదు. ముందు 70 రోజులు లక్ష్యంగా పెట్టుకున్నాం. నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది.

ఇక సైంధవ లవణం. "అది ఉప్పు కాదండీ, ఔషధం" అంటారు. అయ్యా, అదీ దాదాపు అంతా సోడియం క్లోరైడే. ఆ గులాబీ రంగు కాస్త ఇనుము చలవ. అయోడిన్ కలపకపోతే అదొక నష్టం కూడా.

నిరుడు మా నడక మిత్రుడొకాయన ఓ ప్రకృతి గురువు మాట విని సైంధవానికి మారి, బీపీ మాత్రలు మానేశాడు. మూడో నెలలో పక్షవాతం. కుడిచెయ్యి ఇంకా లేవదు. ఒక్క కేసు రుజువు కాదని నాకూ తెలుసు. కానీ ఆ మూడు నెలల్లో ఆయన ఒక్కసారి కూడా బీపీ చూపించుకోలేదు! నమ్మకం కుదిరాక కొలవడం దేనికన్నాడట. నా కడుపు మండేది ఇక్కడే. గురువుగారికి మాత్రం ఏ రిజిస్టరూ లేదు, ఏ జవాబుదారీ లేదు. బాగుపడిన వాళ్లు ఆయన ఖాతాలో, పడిపోయిన వాళ్లు కర్మ ఖాతాలో.

మనవాళ్లూ తక్కువ తినలేదు. తాయెత్తుల్ని వెక్కిరించే ఒక మిత్రుడి వంటింట్లోనే గులాబీ ఉప్పు డబ్బా చూశాను. అడిగితే "ఏమో, మంచిదేమోనని" అన్నాడు. తాయెత్తు కట్టుకునేవాడు చెప్పేదీ అదే కదా?

మా ఇంట్లో ఇప్పటి ప్యాకెట్‌కు ఇవాళ 81వ రోజు. అడుగున ఇంకా నాలుగైదు చెంచాలుంది.