పేట పేర్లా? పొడి అక్షరములా?

ప్రతి పట్టణమునకును రెండు పటములు గలవు. ఒకటి పురపాలక సంఘమువారి బీరువాలో నుండును. రెండవది పౌరుల నాలుకపై నుండును. మొదటిదానిలో వార్డుల అంకెలు, హద్దుగీతలు కాననగును. కాని ఆటోవాడు బండి త్రిప్పునది రెండవదానిని బట్టియే. పెండ్లి శుభలేఖ ఇల్లు చేరునదియు దానిని బట్టియే.

ఈ రెండవ పటము ప్రజల స్వపరిపాలనకు తొలి చిహ్నమని మా యభిప్రాయము. ఏ శాసనసభయు తీర్మానింపకయే హైదరాబాదులో కొయ్యవంతెన యున్న తావు లక్డీకాపూల్ అయినది. కొయ్యవంతెన పోయినను పేరు నిలిచినది. చెన్నపట్టణమున 1734లో నేతగాండ్రకై వెలసిన ‘చిన్న తఱిపేట’, అనగా చిన్న మగ్గముల పేట, జనుల నోళ్లలో నలిగి చింతాద్రిపేట యయినది. మౌంటురోడ్డునకు అణ్ణాదురై పేరు పెట్టి దశాబ్దములు గడచినను పాతపేరు నేటికిని వినబడుచునే యున్నది. అంత యేల? ఆంగ్లేయులు తమ కాగితములలో మద్రాసని ఎన్ని మారులు వ్రాసికొన్నను తెలుగువారు చెన్నపట్టణమనియే పిలుచుకొనిరి. తుదకు 1996లో ప్రభుత్వమే ఆ చెన్న శబ్దమునకు తలయొగ్గి చెన్నై యని శాసించెను.

ఇంతటి అధికారము గల ప్రజలము నేడు చేయుచున్న పని యేమి? విశాఖపట్టణమున మువ్వలవానిపాలెమను చక్కని తెలుగు పేరును ఎం.వి.పి. యని మూడు పరభాషాక్షరములుగా పొడిచేసితిమి. హైదరాబాదున లాల్ బహదూర్ నగరు ఎల్.బి. నగరయ్యెను, సంజీవరెడ్డి నగరు ఎస్.ఆర్. నగరయ్యెను. చెన్నపట్టణ పురపాలక సంఘమునకు అధ్యక్షుడైన తెలుగువాడు పిట్టి త్యాగరాయశెట్టి పేర వెలసిన నగరు టి. నగరయి కూర్చున్నది. ఆయన రాజకీయములు మనకు సమ్మతములా కావా యనునది వేఱు ప్రశ్న. అచ్చట పట్టుచీరలు బేరమాడు తెలుగువారిలో ఆ ‘టి’ యెవరో యెఱిగినవా రెందఱు? ఇక విజయవాడవారు ఇంద్రకీలాద్రి పాదముననున్న తమ పాతబస్తీని ‘వన్‌టౌన్’ అనుచున్నారు. పోలీసు ఠాణాల లెక్కకు తగిన ఆ అంకె, తాతలనాటి బస్తీకి తగిన పేరగునా?

‘ఇదియు ప్రజల వాడుకయే గదా! పొట్టిపేరు పలుకుట సులభము గదా!’ యని కొందఱందురు. వాడుకలో నలుగుట వేఱు, పొడియగుట వేఱు. నలిగిన పేరులో పూర్వార్థపు ఛాయ కొంతయైనను మిగులును. చింతాద్రిపేటను విప్పినచో మగ్గము కనబడును. ఎం.వి.పి. యను దానిని ఎంత త్రవ్వినను మువ్వలవారును బయటపడరు, పాలెమును బయటపడదు. కుదింపవలెనన్న మువ్వలపాలెమని కుదింపరాదా? దానిని పలుకుటకు నోరు నొచ్చునా?

ఇది భాషాభిమానుల ముచ్చట మాత్రమే యని త్రోసివేయరాదు. న్యాయవాద వృత్తిలోనున్న మాకు దీని నష్టము తెలియును. తాతనాటి దస్తావేజులో పాలెము పేరుండును. మనుమని నోట అక్షరములుండును. రెండును ఒకటే చోటని సాక్ష్యమీయగల వృద్ధుడు గతించిన పిదప ఆ మనుమడు తన కాగితమును తానే పోల్చుకొనలేడు. సర్వే నంబరు ఉన్నను దానిని చదివి చెప్పుటకు పేదవాడు మఱియొకని వాకిట నిలువవలసినదే. పేరు మఱచినవాని హద్దు చెఱపుట సులభము.

ప్రభుత్వము మన పేర్లను మార్చినపుడు సభలు చేయుదుము, తీర్మానములు పంపుదుము. మన పేర్లను మనమే మాపుకొనునపుడు ఎవరికి తీర్మానము పంపుదుము?

పఠనమందిరములలో కూడు సోదరులారా! మీ దుకాణపు పలకపై, మీ యింటి శుభలేఖపై పేటపేరు పూర్తిగా వ్రాయుడు. మీ పేటలోని పెద్దలను అడిగి ఆ పేరెట్లు వచ్చెనో, పూర్వమచ్చట ఏ చెఱువు, ఏ తోట, ఏ వృత్తివారు ఉండిరో ఒక పుస్తకమున కెక్కించి గ్రంథాలయమున నుంచుడు. దీనికి ఏ ప్రభుత్వపు టుత్తరువును అక్కఱలేదు. ఈ సాయంకాలమే ఆరంభింపవచ్చును. పేరు పెట్టుట తాతల వంతైనది. దానిని పూర్తిగా పలుకుటయైనను మన వంతు కాదా?